కూలి పంచు చేయి

బాసర వంతెనమీద గోదావరి దాటి, ధర్మాబాదు మీదుగా ఉమ్రికి వచ్చి, జిన్నింగు మిల్లులలో పనివారిని కుదుర్చుచు, హాజరు వ్రాసి కూలి పంచు మన సహోదరులను తలంచుచు మత్తయి 20వ అధ్యాయము చదివితిమి.

అయిదు గంటలకు వచ్చినవానికిని ఒక దేనారమే! నిర్ణయము యజమానునిది, పంచినవాడు గృహనిర్వాహకుడు. అతనిగూర్చి ప్రసంగము వినుట అరుదు. సణుగుడు యజమానునిమీదనే గాని, చిన్నబోయిన ముఖములు మొదట చూచినది అతడే గదా! మన సహోదరులకిది తెలియును. కూలి పెంచు అధికారము వారికి లేదు, తిట్లు మాత్రము వారివే.

అయితే దినమంతయు సంతలో నిలిచి, పిల్లలకేమి పెట్టుదునని దిగులుపడినవాని అరచేతిలో నిండు కూలి పెట్టినదియు అతని చేయియే. ఆ ముఖము వెలుగుట యజమానునికంటె దగ్గరగా చూచెను.

ప్రొద్దు క్రుంకకముందే కూలి ముట్టవలెనని ద్వితీయోపదేశకాండము 24:15లో ఆజ్ఞ. హాజరు పుస్తకము పట్టిన సహోదరులారా, ఈ వారపు లెక్క ఆలస్యమైనచో, పనివారు అడుగువరకు ఆగక మీరే సేటు గదికి వెళ్లి అడుగుడి.