గూఢచారిణి – కథకుని ధర్మము

యుద్ధకాలమున శత్రువుల నడుమ మెలగి, అబద్ధమాడి, స్వపక్షమునకు వార్త చేర్చిన స్త్రీ నిందార్హురాలా, వందనీయురాలా? ప్రాణరక్షణకై పలికిన అసత్యము దోషము కాదని కర్ణపర్వమున శ్రీకృష్ణుడు అర్జునునకు బోధించెను. కావున ఆ ప్రశ్నకు మన పెద్దలు సమాధానము చెప్పియే యున్నారు. చారిత్రక నవలలు విరివియైన యీ కాలమున మఱియొక ప్రశ్న మిగిలినది: ఆమె కథను వ్రాయువాని అబద్ధమునకు హద్దెక్కడ?

గూఢచారిణి మన పూర్వులకు క్రొత్త కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున పరివ్రాజికను పేర్కొనెను. ఆమె బ్రతుకుతెరువు గోరు పేద విధవ. అంతఃపురమున మన్నన పొంది మహామాత్రుల యిండ్లకు పోయివచ్చునది. రాజనీతి ఆమె పేదఱికమునే పనిముట్టుగా చేసికొన్నది. విశాఖదత్తుని ముద్రారాక్షసమున రాక్షసుడు చంద్రగుప్తునిపై ప్రయోగించిన విషకన్య, చాణక్యుని యుపాయముచే పర్వతకుని మృతికి కారణమగును. కథకు మూలమైన యా మరణమునకు సాధనమయ్యును, ఆమెకు పేరు లేదు, రంగప్రవేశము లేదు, ఒక్క మాటయైన లేదు. నేటి కథకులును ఆమెను శరీరమాత్రముగానే చూచుచున్నారు. గూఢచర్యనేరము మోపి ఫ్రెంచివారు 1917లో మాతా హరిని కాల్చి చంపిరి. 1931 నాటికే ఆమె చలనచిత్రమున మోహినియై నిలిచెను.

చరిత్ర చూపు రూపము వేఱు. టిప్పు సుల్తాను వంశమునకు చెందిన నూర్ ఇనాయత్ ఖాన్ జాతకకథలను పిల్లలకై ఆంగ్లమున చెప్పిన రచయిత్రి. 1943 జూన్‌లో జర్మనుల వశమైన ఫ్రాన్సు చేరి, వైర్‌లెస్సు యంత్రముతో లండనుకు వార్తలు పంపెను. పట్టుబడి, సంకెళ్లలో మ్రగ్గియు రహస్యములు వెల్లడింపక, 1944 సెప్టెంబరులో డాఖౌ నిర్బంధశిబిరమున చంపబడెను. ఆమె ఆయుధము వలపు కాదు, మౌనము.

అంత దూరము పోనక్కఱలేదు. 1946 మొదలు 1951 వఱకు జరిగిన తెలంగాణ సాయుధపోరాటమున ఎందఱో స్త్రీలు దళములకు అన్నమును, ఉత్తరములను చేరవేసిరి. కూలికి పోవు ఆడుదానిని, ఆమె నెత్తిమీది గంపను ఎవడు శంకించును? లోకము ఆమెను లెక్కింపకుండుటయే ఆమెకు కవచమయ్యెను. పోరాటము ముగిసిన పిదప ఆ లెక్కింపమియే ఆమెకు శిక్షయు నయ్యెను. మరల వంటయింటికి పొమ్మనిరి. వారి వేదన 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రకటించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ యందు వారి నోటనే వినవచ్చును.

గూఢచారిణి తన యబద్ధమునకు ప్రాణమును పణముగా ఒడ్డినది. కథకుడు తన యబద్ధమునకు ఒడ్డునది ఆమె పేరును. ఈ భేదమును మఱచినవాడు చారిత్రక కథ వ్రాయతగడు.

కల్పన లేక కథ యెట్లగునందురా? చరిత్ర మాటాడని చోట కల్పనకు తావున్నది. ఆమె ఆకలిని, చీకటిలో నడకను, ఇంట విడిచిన బిడ్డపై బెంగను ఊహింపుడు. కాని ధైర్యమున్న చోట వలపును నిలుపుట కల్పన కాదు, అపహరణము. ఆమె సంతతివారు చదువరులలో నున్నారని తలచి వ్రాయవలెను. అది వట్టి తలపు కాదు. ఆ స్త్రీల మునిమనుమరాండ్రు నేడు తెలంగాణ పాఠశాలలలో చరిత్ర చదువుచున్నారు.