పది దినముల మౌనము

యెరూషలేము కూలిన పిమ్మట శేషించిన ప్రజలు బేత్లెహేము దగ్గర దిగి, ఐగుప్తునకు పారిపోవ సిద్ధపడిరి. తాము నడువవలసిన మార్గమేదో దేవునియొద్ద విచారింపుమని వారు యిర్మీయాను వేడుకొనిరి. కల్దీయుల భయము వారిని తరుముచుండెను గనుక ఆలస్యమునకు తావు లేదు. అయినను వాక్కు ప్రవక్తకు ప్రత్యక్షమైనది పది దినములైన తరువాతనే (యిర్మీయా 42:7). దాదాపు 40 సంవత్సరములు ప్రవచించిన వృద్ధుడు, అంత అక్కరగల ప్రజల యెదుట, పది దినములు చెప్పుటకు మాట లేనివాడై యుండెను.

ప్రసంగము సిద్ధపరచువాడును, కీర్తన కట్టువాడును, సండేస్కూలు పిల్లలకు పాఠము చెప్పు సహోదరియు ఇట్టి ఎండిన దినములను ఎరుగుదురు. కాగితము ఎదుట నున్నది, కలము చేత నున్నది, క్రొత్త తలంపు మాత్రము రాదు. అప్పుడు మన ధర్మమేమి? ఇది నేర్పునకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. చేయి ఖాళీగా నున్నప్పుడు మనము చేయు పనియందే మన సత్యసంధత తేటపడును.

మొదటి శోధన దొంగతనము. ఒకని యొద్దనుండి ఒకడు మాటలను దొంగిలించు ప్రవక్తలకు దేవుడు విరోధినని యిర్మీయా 23వ అధ్యాయములో చదువుచున్నాము. వారు మౌనమును భరింపలేకపోయిరి. నేడు యంత్రమును అడిగినచో క్షణములో ప్రసంగము చేతికి వచ్చును గనుక ఈ శోధన మరింత సమీపమాయెను. అట్లయిన ఇతరులయొద్ద ఏమియు పుచ్చుకొనరాదా? ప్రభువు చెప్పిన ఉపమానములో, అర్ధరాత్రి అతిథి వచ్చినప్పుడు ఇంట రొట్టె లేనివాడు స్నేహితుని తలుపు తట్టెను (లూకా 11). తనయొద్ద ఏమియు లేదని ఒప్పుకొనియే అతడు అడిగెను. బదులు తెచ్చుట తప్పు కాదు. బదులు తెచ్చినదానిని మన పొయ్యిమీద కాల్చినట్లు వడ్డించుటయే తప్పు.

రెండవ శోధన నిరాశ. మాట రాకుండుటను దేవుడు విడిచిపెట్టుటగా ఎంచుకొని కలము క్రింద పెట్టువారు కలరు. అయితే ఎండిపోవుటకు కారణము ఎల్లవేళల ఒకటే కాదు. బదరీవృక్షము క్రింద చావు కోరుకొనిన ఏలీయాను దూత గద్దింపలేదు. తినుమని చెప్పి, మరల నిద్రపోనిచ్చెను (1 రాజులు 19). అలసినవానికి కావలసినది విశ్రాంతియే గాని ఉపదేశము కాదు. కొందరి మౌనమునకు కారణము జనుల మెప్పు పోవునను భయము. మరికొందరికి బావిలో నీరు చేరకముందే చేద వేయుట అలవాటు. ఏ కారణమో ఎరుగక చేయు చికిత్స వ్యర్థము.

మార్టిన్ లూథరు చరిత్ర ఇచ్చట మనకు మేలుకరము. వార్ట్‌బర్గ్ కోటలో ఆయన క్రొత్త నిబంధనను సుమారు 11 వారములలో జర్మను భాషలోనికి తెచ్చెను. అది 1522 సెప్టెంబరులో అచ్చుపడెను. ఆ మనుష్యుడే యోబు గ్రంథమునొద్ద నిలిచిపోయెను. మెలాంక్తన్, ఔరోగల్లుస్ అను పండితులు తోడుండినను కొన్నిసార్లు నాలుగు దినములలో మూడు పంక్తులు ముగించుట కష్టమాయెననియు, ఒక్కొక్క మాటకై వారములు వెదకి కొన్నిసార్లు దొరకక పోయితిమనియు 1530లో ఆయనే వ్రాసెను. దొరకలేదని బహిరంగముగా చెప్పుటకు ఆయన సిగ్గుపడలేదు. ఊరక కూర్చుండనూ లేదు. ఇంటి తల్లియు, వీధి పిల్లలును, సంతలోని సామాన్యుడును ఎట్లు మాటలాడుదురో వినుమని బోధించెను. బలిపశువుల అవయవముల పేర్లు తెలియుటకై కసాయివానిచేత గొఱ్ఱెలను కోయించెనని ఆయన శిష్యుడు మథేసియుస్ తెలిపెను. గదిలో దొరకని మాట కసాయివాని దుకాణములో దొరికెను. నిరీక్షించుట యనగా ఇదియే: చెవి తెరచి, కాళ్లు కదలించి, మాట ఉన్న చోటికి పోవుట.

అయితే ఆదివారము పది దినములు ఆగదు గదా అని కాపరి అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. క్రొత్తదానిని పుట్టించుట మన బాధ్యత యని ఎవరు చెప్పిరి? క్రొత్త సంగతులకై కాలము గడుపుట ఏథెన్సువారి వాడుక (అపొ. కార్యములు 17:21). అరణ్యములో మన్నా ప్రతి ఉదయము అదే ఆహారము. అయినను నేటిది నేడు కూర్చుకొనవలసి యుండెను, నిన్న దాచినది పురుగుపట్టెను. ఎరిగిన సత్యమునే ఈ ఉదయము మరల కూర్చుకొని సామాన్యముగా చెప్పిన కాపరి సంఘమును మోసపుచ్చలేదు.

పదవ దినము తరువాత యిర్మీయా పొందిన వర్తమానమేమి? ఈ దేశములో నిలువుడి, బబులోను రాజుకు భయపడకుడి, ఐగుప్తునకు పోకుడి. బబులోనుకు లోబడి బ్రదుకుడని ఆయన అంతకుముందు చెప్పుచు వచ్చినదానికి అది దూరమైనది కాదు. విన్నవారు దానిని అబద్ధమనిరి. అది క్రొత్తదియు కాదు, మెప్పు పొందినదియు కాదు, అది సత్యము. మొదటి దినముననే ప్రజలకు నచ్చు మాట కల్పించుట ఆయనకు కష్టము కాదు. అట్లు చేయకుండుటవలననే ఆయన ప్రవక్త. మన ఖాళీ కాగితముల యెదుట మనకును ప్రభువు ఆ ధైర్యమును అనుగ్రహించును గాక.