ఇంటి మరమ్మతు – ఇరువురి ధర్మము

మన్యములో ఇల్లు నిలుపుకొనుట వానతో నిత్యము జరుగు పోరాటము. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. మట్టిగోడ నానిన క్రుంగును. పెంకు జారిన వాసము పుచ్చును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటినప్పుడు ఈ కొండలలోను చెట్లు కూలెను, ఇండ్ల కప్పులు లేచిపోయెను. అట్టి వేళ తాపీమేస్త్రీ కొరకును, వడ్రంగి కొరకును వెదకని గృహస్థు అరుదు.

గృహస్థుల అనుభవము ఒక్క తీరున ఉండదు. ఒక మేస్త్రీ చెప్పిన దినమునకు వచ్చి, పాత పెంకులలో పనికివచ్చువానిని ఏరి, ఖర్చు తగ్గించి పోవును. మరియొకడు బయానా పుచ్చుకొని, కప్పు విప్పి, వేరొక పనికి పోవును. మట్టిగోడ స్వభావ మెరిగిన స్థానికుడు దానిని మట్టితోడనే మెత్తును. ఎరుగనివాడు సిమెంటు పూయును. లోపలి చెమ్మ వెలికి రాలేక ఆ పూత పెచ్చులుగా ఊడును.

దోషము మేస్త్రీదేనా? మైదానమునుండి ఘాటు రోడ్డున ఎక్కివచ్చు సిమెంటునకు, ఇనుమునకు లారీ బాడుగ తోడగును. ఆ భారమును గృహస్థు కూలిలో తగ్గించుకొనజూచును. గిట్టని ధరకు ఒప్పించినచో తగ్గిన రూపాయి ఊరక మాయము కాదు. సిమెంటు పాలులోనో, పనివాని ఓర్పులోనో కోతపడును. సిమెంటు పనిని కనీసము 7 దినములు తడుపవలెను. నీటిని ఊటనుండి మోయవలసిన చోట ఆ మోతకు కూలి ఎవరిత్తురు? ముందు తేల్చుకొనని ఆ ప్రశ్న పిదప గోడపై పగులుగా తేలును.

పూత క్రింద ఏమున్నదో గృహస్థు చూడలేడు. పని ముగిసిన పిదప కూలి చేతికి వచ్చునో రాదో మేస్త్రీ ఎరుగడు. ఇరువురును ఎదుటివాని మనస్సాక్షిపై ఆధారపడినవారే. 12వ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడును శరణులును కాయకమునకు శుద్ధి కావలెనని చెప్పుట ఇందులకే. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు నిత్యముకన్న అధికముగా బియ్యము ఏరి తేగా, భార్య లక్కమ్మ దానిని తిరిగి పోసి రమ్మనెనని శరణ చరిత్రలు చెప్పును. ఆ దంపతులు పేదలు. అయినను పేదరికము అధికమును ఉంచుకొనుటకు అనుమతి కాలేదు.

ఈ నీతిని కూలివానికి మాత్రమే బోధించుట అన్యాయము. చేయని పనికి పుచ్చుకొన్న బయానా ఎట్టిదో, చేసిన పనికి బిగబట్టిన కూలియు అట్టిదే. రెండును ఇతరుని సొత్తు. ఇంట ఆకలి ఉన్నందున మేస్త్రీ మూడు చోట్ల బయానా పుచ్చుకొనెననుట అతని కష్టమును తెలుపును. కాని కప్పులేని ఇంట తడియు పసివాని కష్టమును అది తీర్పదు. అతనిపై జాలి ఉండవచ్చును, బాధ్యత మాఫీ కారాదు.

కావున వానలకు మునుపే, వేసవిలో, పని పూనవలెను. ఎంత పనికి ఎంత సొమ్మో నలుగురి ఎదుట చెప్పుకొనవలెను. సామాను గృహస్థు కొని ఇచ్చి, పని సాగినకొలది కూలి చెల్లించుట మేలు. పూత పూయకమునుపు గోడను ఇరువురును కలసి చూడవలెను. ఇది అపనమ్మకము కాదు. నమ్మకమునకు వేయు పునాది. మరుసటి వానకు ఆ ఇల్లు కారకున్న, మేస్త్రీని ఆ ఊరివారు పేరుపెట్టి పిలుతురు. గృహస్థు పిలిచిన అతడు వచ్చును.