తెరకు ఇవతల కూర్చున్నవాళ్లు

గుడివాడ నుంచి కైకలూరు వెళ్లే దారిలో ముదినేపల్లి దాటితే ఇప్పుడు ఎటు చూసినా చేపల చెరువులే. ఇన్ని చెరువులు లేని రోజుల్లో, కోతలైపోయిన చేలల్లోనూ పేట చివర ఖాళీ జాగాల్లోనూ యేసు కథ 'కరుణామయుడు' బొమ్మ పడేది. రెండు వెదురు గడలు పాతి తెల్లగుడ్డ బిగించి కట్టేవారు. జనరేటరును ఎంత దూరంగా పెట్టినా దాని మోత మాటలకు అడ్డం వస్తూనే ఉండేది. ముందు చోటు దొరకని పిల్లలు తెర వెనక్కి చేరి, కుడిఎడమలు తారుమారైన బొమ్మనే నోరు తెరుచుకుని చూసేవారు. కొరడా దెబ్బల ఘట్టం వచ్చేసరికి ఆడవాళ్ల వైపు నుంచి "అయ్యో నాయనా" అనే మాట మొదలయ్యేది. సరిగ్గా అక్కడ రీలు మార్చాల్సి వస్తే ఆ చీకట్లో ముక్కులు చీదుకునే చప్పుడొక్కటే మిగిలేది.

ఆ సినిమా 1978 డిసెంబరులో విడుదలైంది. శివాజీ గణేశన్‌తో గొప్ప కుటుంబ చిత్రాలు తీసిన ఎ. భీమ్‌సింగ్ దర్శకుడు. ఫ్రాన్సిస్కన్ సభకు చెందిన క్రిస్టఫర్ కోయెల్హో ఆయనకు తోడుగా పనిచేశారు. టంగుటూరి ప్రకాశం పంతులు మనవడు విజయచందర్ యేసుగా నటించారు. సిలువ మోసే ఘట్టానికి మోదుకూరి జాన్సన్ రాసిన పాటను బాలసుబ్రహ్మణ్యం పాడారు. హాళ్లలో ఆట ముగిశాక కూడా సినిమా ఆగలేదు. డేస్ప్రింగ్ ఇంటర్నేషనల్ అనే అమెరికా సంస్థ బృందాలు ప్రొజెక్టర్లు పట్టుకుని ఊరూరా తిరిగాయి. హిందీలో 'దయాసాగర్' పేరుతో అది ఉత్తరాది పల్లెలకూ వెళ్లింది.

ఆ తెర ముందు కూర్చున్నవాళ్లంతా క్రైస్తవులు కారు. పగలు పెద్దింట్లమ్మకు మొక్కుకున్నవాళ్లు, సింగరాయపాలెం సుబ్రహ్మణ్యేశ్వరుడికి పాలు పోసివచ్చినవాళ్లు, రాత్రికి చాప చంకన పెట్టుకుని వచ్చేవారు. ఏడ్చేవారు కూడా. ఆ కన్నీళ్లు ఎవరివి? ప్రచారకులు వాటిని విశ్వాసానికి గుర్తుగా లెక్కవేసుకున్నారు. మతం మారిపోతారని భయపడినవాళ్లూ అదే లెక్క వేశారు. ఇద్దరూ చూడనిది ఒకటుంది: ఈ జనానికి ఏడవడం కొత్తగా ఎవరూ నేర్పలేదు.

కృష్ణా, గోదావరి జిల్లాల మనిషికి 'హరిశ్చంద్ర' నాటకం అంటే కాటిసీను. మిగతా నాటకం కునికిపాట్లు పడుతూ చూసినా, ఆ ఘట్టానికి పక్కవాణ్ణి తట్టి లేపుతారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ఆ నాటకంలో రాజు కాటికాపరిగా నిలబడి, కన్నకొడుకు శవానికి కూడా సుంకం అడగాల్సి వస్తుంది. మాట తప్పకపోవడమే ఆయన చేసిన నేరం. రాముడి గుడి కోసం గోల్కొండ చెరసాలలో మగ్గిన రామదాసు కథా అంతే. తప్పు లేనివాడు దెబ్బ తినడాన్ని ఇక్కడి ప్రేక్షకుడు తరతరాలుగా చూస్తున్నాడు. తెర మీద సిలువ కనిపించినప్పుడు అతని లోపల లేచింది ఆ పాత దుఃఖమే. కొండమీది ప్రసంగం విని తల ఊపి ఉంటాడు, అద్భుతాలకు చప్పట్లు కొట్టి ఉంటాడు. కళ్లు తుడుచుకున్నది మాత్రం దెబ్బల దగ్గరే.

ఈ మాటకు గట్టి సాక్ష్యం కవి గుర్రం జాషువా. శ్మశానం మీద ఆయన రాసిన పద్యాలు లేకుండా కాటిసీను పండదని నటులకు తెలుసు. ఆ జాషువాయే 'క్రీస్తు చరిత్ర' రాశారు. 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అంటరానితనం చేసిన గాయం తెలిసిన ఒకే కలం హరిశ్చంద్రుడి శ్మశానానికీ క్రీస్తు కథకూ పద్యం ఇచ్చింది. ముదినేపల్లి దగ్గర ఏ పేటలోనో చీకట్లో ఏడ్చిన మనిషికి ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు. తెలియకపోయినా ఆ దారినే నడిచాడు.

అసలు మన సినిమా పుట్టిందే ఇలాంటి చూపులోంచి. 1910 ప్రాంతంలో బొంబాయిలో దాదాసాహెబ్ ఫాల్కే, క్రీస్తు జీవితం మీద వచ్చిన మూకీ సినిమా ఒకటి చూశారు. తెర మీద క్రీస్తు కదులుతుంటే తన మనసులో కృష్ణుడు, రాముడు కదిలారని తరవాత ఆయనే చెప్పుకున్నారు. 1913లో ఆయన తీసిన మొదటి పూర్తి నిడివి చిత్రం 'రాజా హరిశ్చంద్ర'. క్రీస్తును చూసి హరిశ్చంద్రుణ్ణి తీసినవాడు ఒకరు. హరిశ్చంద్రుణ్ణి చూసిన కళ్లతో క్రీస్తును చూసినవాళ్లు వీళ్లు.

తెర మీద చూపించడం ఒక్కటే భక్తి కాదు, చూపించకపోవడం కూడా భక్తే. 1976లో ముస్తఫా అక్కాద్ తీసిన 'ది మెసేజ్'లో ప్రవక్త ముహమ్మద్ కనిపించరు, గొంతు వినిపించదు. కెమెరాయే ఆయన చూపు అవుతుంది. తెలుగువాళ్లకు ఇది వింతగా తోచనక్కర్లేదు. అమరావతి శిల్పులు తొలినాళ్లలో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కకుండా పాదముద్రలు, ఖాళీ సింహాసనం, బోధివృక్షం చెక్కి నమస్కరించారు. ఏలూరు జిల్లాలో ఉన్న గుంటుపల్లి గుహల్లో బౌద్ధులు కొలిచింది స్తూపాన్ని. అంత జాగ్రత్తగా తీసినా అక్కాద్ సినిమాకు ఆపద తప్పలేదు. ఆంథొనీ క్విన్ వేసింది ప్రవక్త బాబాయి హమ్జా పాత్ర. క్విన్ ప్రవక్తగానే నటించాడన్న పుకారు పాకింది. 1977 మార్చిలో వాషింగ్టన్‌లో సాయుధులు మూడు భవనాల్లో నూట నలభై మందికి పైగా జనాన్ని బందీలుగా పట్టుకుని, ఆ సినిమా ఆపాలని కూడా పట్టుబట్టారు. సినిమా చూడకుండానే వచ్చిన కోపం అది. చూసి ఏడ్చినవాడితో మాట్లాడవచ్చు, చూడకుండా రగిలినవాడితో మాట కలపడం కష్టం.

తెర మీద దేవుడిగా కనిపించే నటుడి మీద పడే బరువు వేరు. నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావును కృష్ణుడిగా చూసినవాళ్లు తిరుపతి యాత్రలో మద్రాసు వెళ్లి ఆయన ఇంటి ముందు నిలబడ్డారు. విజయచందర్ 'కరుణామయుడు' తరవాత ఎనిమిదేళ్లకు, 1986లో, కె. వాసు దర్శకత్వంలో షిరిడీ సాయిబాబాగా కనిపించారు. ఒకే మనిషి నిన్న యేసు, ఇవాళ సాయి. మన పల్లెల్లో ఎవరికీ ఇందులో పేచీ కనిపించలేదు, రెండుసార్లూ చేతులు జోడించారు. ఆ చేతులు జోడించడాన్ని అమాయకత్వం అనేవాళ్లున్నారు. ఆ మాట తప్పు. వేషం ఎవరిదో, వేషం వెనక మనిషి ఎవరో వాళ్లకు బాగా తెలుసు. వీధినాటకంలో రాముడి వేషం వేసినవాడికి పొద్దున్నే చద్దన్నం పెట్టిన చేతులవి.

భీమ్‌సింగ్ 1978 జనవరిలోనే పోయారు. తన సినిమా ముందు జనం ఎలా కూర్చున్నారో ఆయన చూడలేదు. చూసినవాళ్లు మాత్రం కొల్లేటి సరస్సు చుట్టూ ఇంకా ఉన్నారు, అరవై దాటిన వయసుల్లో. ఆ రాత్రి తెర ఎక్కడ కట్టారో, ఏ ఘట్టం దగ్గర కొంగు తడిసిందో, ఇంటికి వెళ్లేటప్పుడు ఏం మాట్లాడుకున్నారో చెప్పగలరు. ఇంట్లో అలాంటి అమ్మమ్మ, తాతయ్య ఉంటే ఈ క్రిస్మస్‌లోపు అడిగి రాసిపెట్టుకోండి.