పన్ను లెక్కలలో పూర్వుల యిల్లు

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన ఐరిష్ కుటుంబములవారు పలువురు, తమ ముత్తాత విడిచివచ్చిన యిల్లు ఏ యూర నుండెనో తెలిసికొన గోరుదురు. ఇంట నిలిచిన జ్ఞాపకము సాధారణముగా స్వల్పము: ఒక మనుష్యుని పేరు, ఒక మండలము పేరు, ఓడయెక్కిన యేడు. అంతకుమించి యుండదు. ఆ యింటి గడపవఱకు వారికి దారిచూపునది తఱచుగా పన్ను లెక్క. ఒకని వద్దనుండి తీసికొనుటకై వ్రాసిన పుస్తకమే వానిని జ్ఞాపక ముంచుకొన్నది. ఇందొక చిక్కు కలదు. దానిని గూర్చియే నేను విచారింపదలచితిని.

లెక్కలకు ఇంత ప్రాధాన్యము వచ్చుటకు కారణము ముందు చెప్పవలెను. 1922 జూన్ 30 నాడు డబ్లిన్ నగరమున, అంతర్యుద్ధములో, ఫోర్ కోర్ట్సు ఆవరణమందలి ప్రభుత్వ దస్తావేజుల భాండారము ధ్వంసమయ్యెను. 1821 మొదలు 1851 వఱకు తీసిన నాలుగు జనాభా లెక్కలు చాలవఱకు దానితో పోయినవి. ఐరిష్ కుటుంబచరిత్ర నెత్తినవారందఱును ఈ మంటనే తలచి నిట్టూర్తురు. కాని 1861, 1871 లెక్కలను ప్రభుత్వమే అంతకు చాల ముందు నాశనము చేయించెను. 1881, 1891 లెక్కలు మొదటి ప్రపంచయుద్ధ కాలమున కాగితపు గుజ్జయిపోయినవి. పోయిన యెనిమిదింటిలో నాలుగింటికి అగ్నితో సంబంధమే లేదు. నిప్పును నిందించుట సులభము, కార్యాలయములను నిందించుట కష్టము. 2022లో, నూఱేండ్లు నిండునప్పటికి, ఇతరత్ర మిగిలిన నకళ్ళను కూర్చి ఆ భాండారమును అంతర్జాలమున పునర్నిర్మించు ప్రయత్నమును వెల్లడించిరి. అది మెచ్చదగిన పని. అయినను సామాన్య రైతు నింటిని వెదకువానికి నేటికిని ప్రధానమైన యాధారములు రెండు.

మొదటిది 1823 మొదలు 1837 వఱకు తయారైన దశమభాగపు లెక్క. రైతులలో అత్యధికులు కాథలిక్కులు. వారు చెల్లించిన పన్ను ప్రొటెస్టెంటు రాజమతపు చర్చికి. ఎవరి మతమునకో ఎవరో పన్ను గట్టుట సహింపరానిదై, 1830 తరువాత రక్తపాతము సైతము జరిగెను. రెండవది సర్ రిచర్డ్ గ్రిఫిత్ నడపిన విలువకట్టు పని. 1847 నుండి 1864 వఱకు మండలమువెంట మండలముగా అచ్చుపడినది. అందు ప్రతి పంక్తిలోను ఇంటివాని పేరు, అతడు ఎవరివద్ద కౌలుకు తీసికొనెనో ఆ పేరు, ఇల్లు, కొట్టములు, నేల, విస్తీర్ణము, సాలువిలువ వరుసగా నుండును. ప్రక్కనున్న అంకె దేశపటములోని అంకెతో సరిపోవును. ఆ తరువాతి మార్పులను చేతివ్రాత పుస్తకములలో, ఏడాది కొక రంగు సిరాతో, పాతపేరు కొట్టివేసి క్రొత్తపేరు వ్రాయుచు వచ్చిరి. ముత్తాత పేరును ఎఱ్ఱసిరా కొట్టివేసిన పుటను చూచి కన్నీరు పెట్టువా రున్నారన్న నాకు ఆశ్చర్యము లేదు.

ఇంతవఱకు లెక్క మనకు ఉపకారియే. కాని ఆ విలువకట్టుట యేల? పేదల పోషణకై పన్ను వేయుటకు. 1843 నాటి చట్టము ననుసరించి, సాలుకు నాలుగు పౌనులకు మించని కమతముపై పన్నును కౌలుదారుడు గాక భూస్వామి చెల్లింపవలెను. పేదవానిపై దయతో చేసిన యేర్పాటే యిది. 1845లో బంగాళాదుంప పంట కుళ్ళి కరవు వచ్చినపు డేమైనది? పన్ను పెరిగెను, చిన్న గుడిసె యొక్కొక్కటి భూస్వామికి వ్యయహేతు వయ్యెను, గుడిసె పడగొట్టినచో వ్యయము తప్పును. అదిగాక 1847లో, పావు ఎకరమునకు మించిన నేల చేతనున్నవానికి సర్కారు సాయము లేదని చట్టము చేసిరి. బిడ్డలకు గంజి కావలెనన్న నేల వదలవలెను. మట్టిగోడల ఒంటిగది యిండ్లు 1841లో సుమారు 4,91,000 ఉండగా, 1851 నాటికి సుమారు 1,35,000 మిగిలినవి. గ్రిఫిత్ మనుష్యులు పెక్కుచోట్లకు వచ్చునప్పటికి ఆ యిండ్లు లేవు. లేని యింటికి విలువ కట్టరు గదా! కూలివాడు, కౌలుదారునికి లోబడిన ఉపకౌలుదారుడు, విధవ కాని స్త్రీ — వీరి పేర్లు ఆ పుటలలో వెదకిన దొరకుట అరుదు.

కావున ఆ గ్రంథములో పూర్వుని కనుగొన్నవాడు, నిలద్రొక్కుకొన్నవాని మనుమడని చెప్పవచ్చును. మార్పుల పుస్తకములో ఒకచోట పండ్రెండెకరముల కమతము ఇరువదెకరము లయిన దనుకొందము. ఆ యెనిమిదెకరములు ఆకాశమునుండి పడలేదు. పొరుగువాని పేరు కొట్టివేసిన గీతయు ఆ పుటలోనే యుండవచ్చును. ముత్తాత పొరుగువానిని వెడలగొట్టెనని నేననను. ఖాళీయైన నేలను భూస్వామి యిచ్చిన పుచ్చుకొనియుండును, తన పిల్లల ఆకలి తీర్చియుండును. అయినను మనుమని కిప్పుడేమి కర్తవ్యము?

తాత చేసిన దానికి మనుమడు దోషి కాడని మిత్రు డొకడు నాతో వాదించెను. నేనును అంగీకరించితిని. కాని, దోషము పంచుకొననివాడు గౌరవమును మాత్ర మెట్లు పంచుకొనును? మన యిండ్లలో మాత్రము, కరణపు లెక్కలో తాతగారి పేరు చూపి మురియువారు, దాని పైపంక్తిలోని పేరు ఏమయ్యెనని అడిగిరా? నేనును అడిగినవాడను గాను. గర్వపడవలదని నే ననుట లేదు. ఇల్లు తనదని చెప్పుకొనువాడు పుటనంతయు చదువవలెననియే నా మాట.

చదువుటకు సాధనమును కలదు. మైలునకు ఆరంగుళముల కొలతతో ఐర్లండు నంతటిని కొలిచిన దేశపటములు, కరవు ముదురకముందే, 1846 నాటికి పూర్తియైనవి. వానిపై ఇండ్లు నల్లని చిన్న గుర్తులుగా గుంపులు గుంపులుగా నుండును. ఆ పటమును గ్రిఫిత్ లెక్క ప్రక్కన పెట్టి, ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క పేరు వెదకుచు పోవలెను. తన ముత్తాత యిల్లు దొరకిన పిమ్మట పటమును మడిచివేయక, పేరు దొరకని గుర్తులను గూడ లెక్కించి, ఆ పొలమునకు పోయినప్పుడు అవి యుండినచోట కొంతసేపు నిలువవలెను. అచ్చట ఇప్పుడు గడ్డి పెరుగుచుండును.