మూడు ఫిర్యాదులు

న్యూజెర్సీలో ఎడిసన్ అని ఒక ఊరు. తెలుగువాళ్లు చాలామంది స్థిరపడిన ఊరు. అక్కడ ఒక ఇంటి పెరట్లో, కంచె పొడవునా, ఎవరూ నాటని మొక్కలు కొన్ని ఏటా వసంతంలో లేచేవి. ఇంటాయన ఏటా లాన్‌మోవర్‌తో వాటిని నేలమట్టం చేసేవాడు. మరుసటి ఏడు అవి మళ్లీ లేచేవి.

ఒక మే నెలలో ఆయన తల్లి సిద్దిపేట దిక్కు నుంచి ఆరు నెలలు ఉండి పోదామని వచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేన్లోనే బతికిన మనిషి. వచ్చిన వారంలోనే గోంగూరకు, బీరకు మడులు కట్టించింది. కొడుకు మోవర్ తోసుకుంటూ కంచె వైపు పోతుంటే అడ్డం వచ్చింది.

"గిదేం చెట్టు కొడుకా?"

"పిచ్చిచెట్టమ్మా. పువ్వు లేదు, కాయ లేదు. ఎందుకూ పనికిరాదు."

"పూస్తదో లేదో పూయనిస్తే గద ఎరుకయ్యేది. ఈ ఒక్కపారి ఆగు."

కొడుకు ఆగాడు. జూన్ వచ్చేసరికి గోంగూర మడిలో అవే ఆకులు మూడు నాలుగు చోట్ల తలెత్తాయి. తవ్వి చూస్తే మట్టి కింద అడ్డంగా పాకివచ్చిన వేరు, కొస గులాబీ రంగులో, సూదిగా ఉంది. లాగుతుంటే కంచె దాకా పోయింది.

"చూసినవా అమ్మా? ఉంచితే మడినే మింగుతది. మొత్తం పీకేస్త."

తల్లి ఈసారి కాదనలేదు. "నిజమే, మన మడిలకొచ్చింది. తప్పు దానిదే" అంది. పార తెచ్చి, మడికీ కంచెకూ నడుమ జానెడు లోతు గాడి తీయించింది. ఇవతలికి వచ్చిన వేరు ముక్క ఒక్కటి కూడా మిగలకుండా ఏరి ఎండలో పడేసింది. తర్వాత కొడుకుతో అంది: "పక్క చేనాయన గెట్టు జరిపిండనుకో. మనిషిని సంపుకుంటమా కొడుకా? గెట్టు సరిజేసుకుంటం."

జూలైలో పక్కిళ్లలో పూలన్నీ విరగబూశాయి. ఇక్కడ కాడలు నడుమెత్తు దాటాయి గానీ మొగ్గ జాడ లేదు. చూడవచ్చినవాళ్లు "పెరడంతా అడివి చేశారేంటండీ" అని నవ్వారు. కొడుక్కి చిన్నతనంగా ఉండేది. తల్లి మాత్రం రోజూ పొద్దున పోయి కొసలు చూసి వచ్చేది.

ఆగస్టు చివర్లో, పొద్దు కురచవుతున్నప్పుడు, అది పూసింది. ఒక్కో కాడ కొసన ఒక పక్కకు వంగిన పసుప్పచ్చని కుచ్చు. దగ్గరికి పోయి చూస్తే ఆ కుచ్చులో గింజంతేసి పూలు వందల కొద్దీ ఉన్నాయి. ఊళ్లో మిగతా పూలన్నీ వాడిపోయాక పూసింది కాబట్టి తేనెటీగలు, తుమ్మెదలు, నల్లగీతల నారింజ సీతాకోకచిలుకలు అన్నీ అక్కడికే చేరాయి.

సరిగ్గా అదే వారం కోడలికి తుమ్ములు మొదలయ్యాయి. కళ్లు ఎర్రబడ్డాయి, రాత్రిళ్లు నిద్ర లేదు. ఏటా ఆమెకు ఈ రోజుల్లోనే వస్తాయి. "ఇంకేం కావాలి, ఆ పచ్చపూల పుప్పొడే" అని పక్కింటావిడ తేల్చేసింది. కొడుకు ట్రిమ్మర్ బయటికి తీశాడు. "ఇగ నీ మాట వినేది లేదమ్మా. ముందుగాల మడిలకొచ్చింది, ఇప్పుడు పాణం మీదికి తెచ్చింది."

తల్లి ఒక కుచ్చు తెంపి, తెల్ల కాగితం మీద గట్టిగా దులిపింది. రెండు మూడు పూలు రాలాయి, అంతే. నలిపి చూస్తే వేలికి జిగటగా అంటుకుంది. "ఇది ఈగలు కాళ్లకు పూసుకొని మోసుకపోయేది. గాలికి లేసేది కాదు" అంటూ పెరడంతా వెతకడం మొదలుపెట్టింది. గ్యారేజీ పక్కన, చెత్త డబ్బాల వెనక, మోకాలెత్తు మొక్క ఒకటి కనబడగానే నిలబడిపోయింది. ఆకులు చీలికలు చీలికలుగా ఉన్నాయి.

"ఇది మా దిక్కు వయ్యారిభామ లెక్కనే ఉన్నదేంది!"

కలుపు తీసేటప్పుడు వయ్యారిభామ తగిలి చేతులు దద్దుర్లెక్కిన మనిషి ఆమె. దీనికి పువ్వు అనదగ్గది ఏదీ లేదు. కొసన ఆకుపచ్చని సన్నటి కంకులు, తలవంచి. పుల్లతో ఒక్కసారి తట్టింది. పొద్దుటి ఎండలో పసుపు రంగు పొగ లేచింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

డాక్టర్ దగ్గర చర్మ పరీక్ష చేయిస్తే కోడలికి పడనిది ఆ మొక్కే, రాగ్‌వీడ్ అని తేలింది. కంచె దగ్గరి పూలు గోల్డెన్‌రాడ్. వాటి పేరు ఆ పరీక్షలో ఎక్కడా రాలేదు. చెత్త డబ్బాల వెనక మొక్కను పీకినంత మాత్రాన తుమ్ములు ఆగలేదు. ఆ పుప్పొడి ఎక్కడెక్కడి నుంచో గాలిలో వస్తుంది. మందులు వాడాల్సే వచ్చింది. ట్రిమ్మర్ మాత్రం మళ్లీ కంచె వైపు పోలేదు. ఆ ఏడు తంగేడు దొరకని ఊళ్లో అత్తాకోడళ్లు ఆ పచ్చ కుచ్చులతోనే బతుకమ్మను పేర్చారు.

నవంబరులో తల్లి తిరుగు ప్రయాణం. కోడలు గోల్డెన్‌రాడ్ గింజలు కవర్లో కట్టి పెట్టెలో పెట్టింది. "అత్తమ్మా, మన పెరట్ల చల్లుకుందురు."

ఆమె కవరు తీసి కోడలి చేతిలో పెట్టింది. "వద్దు బిడ్డా. పాకుడు దీని గుణం. ఈడ దాని గెట్టు మనం చూసుకుంటున్నం, ఆడ ఎవరు చూస్తరు? వయ్యారిభామ గూడ పరాయి దేశం నుంచి వచ్చిందే. మాకు మా తంగేడు ఉన్నది."

నీతి: ఒక తప్పు నిజమైనంత మాత్రాన అదే మనిషి మీద వచ్చిన మిగతా నిందలు నిజమైపోవు. నిజమైన తప్పును దానంతగానే సరిదిద్దాలి. నింద తొలగిపోయిందన్న సంతోషంలో ఆ తప్పును మరిచిపోనూకూడదు.

ఆ మొక్క మీద మూడు ఫిర్యాదులు వచ్చాయి. పనికిరాదన్నది తొందరపాటు, ఆగస్టు దాకా ఆగితే తేలిపోయింది. హద్దు దాటిందన్నది నిజం, పారతో సరిపోయింది. జబ్బు తెచ్చిందన్నది వేరేదాని నేరం. కొడుకు చెడ్డవాడేం కాదు. మడిలో దొరికిపోయింది కాబట్టి తుమ్ములకూ అదే కారణమని అతని మనసు లెక్క కట్టుకుంది. మన ఇళ్లలో రోజూ జరిగేదీ ఇదే. అప్పు తీసుకుని సమయానికి తీర్చని మేనమామ ఒకాయన ఉంటాడు. పెళ్లిలో నగ పోతే అందరి కళ్లూ ముందు ఆయన మీదికే పోతాయి. అప్పు సంగతి అప్పు సంగతే, నగ సంగతి నగ సంగతే అని విడదీసి చెప్పే పెద్దమనిషి ఆ గదిలో ఒక్కరైనా ఉండాలి. అలాంటివాళ్లు తగ్గిపోతున్నారన్నదే నా బాధ.

గోల్డెన్‌రాడ్ విషయంలో ఈ నింద అమెరికాలో తరతరాలుగా ఉంది. కారణం సులువే. గోల్డెన్‌రాడ్, రాగ్‌వీడ్ రెండూ ఆగస్టు, సెప్టెంబరుల్లోనే పూస్తాయి. ఒకటి దారిన పోయేవాళ్లందరికీ కనబడుతుంది, రెండోదాని పువ్వు పువ్వులాగే ఉండదు. గోల్డెన్‌రాడ్ పుప్పొడి బరువు, జిగురు, పురుగులే మోయాలి. ఒక్క రాగ్‌వీడ్ మొక్క మాత్రం ఒక్క కాలంలో 100 కోట్ల రేణువుల దాకా గాలిలోకి వదలగలదు. విచిత్రమేమిటంటే ఇవి రెండూ, మన వయ్యారిభామ, బంతి, చేమంతి అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. అందులోనూ రాగ్‌వీడ్‌కు వయ్యారిభామ మరీ దగ్గరి చుట్టం. సిద్దిపేట రైతు కన్ను పొరబడలేదు.

తంగేడు తెలంగాణకు రాష్ట్ర పుష్పమైనట్టే, గోల్డెన్‌రాడ్ నెబ్రాస్కాకు 1895 నుంచి, కెంటకీకి 1926 నుంచి రాష్ట్ర పుష్పం. కథలోని ఊరికి ఎవరి పేరు పెట్టారో ఆ థామస్ ఎడిసన్ కూడా తన చివరి ఏళ్లలో ఈ మొక్క వెంటే పడ్డాడు. అమెరికా నేలలో పండే రబ్బరు కోసం 17,000 పైగా మొక్కల నమూనాలు పరీక్షించి, చివరికి గోల్డెన్‌రాడ్‌నే ఎంచుకున్నాడు. 1931లో ఆయన పోయేనాటికి పని పూర్తి కాలేదు. మెక్సికో దాకా ఎగిరిపోయే మోనార్క్ సీతాకోకచిలుకలకు దారిలో తేనె దొరికేదీ ఎక్కువగా ఇలాంటి పూలలోనే. కానీ గోల్డెన్‌రాడ్‌లో ఒక రకమైన కెనడా గోల్డెన్‌రాడ్‌ను అందం కోసం చైనాకు, ఐరోపాకు తీసుకుపోతే అక్కడి పొలాల్ని, గడ్డి నేలల్ని కమ్మేసి పెద్ద కలుపైంది. గింజల కవరు వెనక్కిచ్చిన అత్తమ్మ భయంలో అతి ఏమీ లేదు.

అమెరికాలో ఉన్నవాళ్లు పెంచుకోవాలనుకుంటే చిన్న పెరట్లో కెనడా రకం వద్దు. 'ఫైర్‌వర్క్స్' రకం గానీ, గుబురుగా ఒకేచోట ఉండే షోయీ గోల్డెన్‌రాడ్ గానీ నయం. ఎండ బాగా తగలాలి. ఎరువు వేయకండి, బలిసి పడిపోతుంది. జూన్‌లో కాడల్ని సగానికి తుంచితే పొట్టిగా, దట్టంగా పూస్తుంది. కొన్నేళ్లకొకసారి వసంతంలో గుబురును విడదీసి, అంచు వేళ్లను తీసేయాలి. కొన్ని కాడల నడుమ గోళీకాయంత ఉబ్బులు కనిపిస్తాయి. తెగులనుకొని మందు కొట్టకండి. లోపల ఒక చిన్న ఈగ పిల్ల చలికాలం గడుపుతూ ఉంటుంది. మంచు రోజుల్లో చికాడీ పిట్టలు, వడ్రంగి పిట్టలు ఆ ఉబ్బును ముక్కుతో పొడిచి లోపలి పిల్లను తింటాయి. అందుకని ఎండిపోయిన కాడల్ని వసంతం దాకా కోయకుండా ఉంచండి.