పరులకొరకై ప్రార్థన

భగవంతుడు సర్వజ్ఞుడు. మన అవసరములు మనము విన్నవింపక పూర్వమే ఆయనకు తెలియును. ఆయన కరుణామయుడు గూడ. ఎవరో జ్ఞాపకము చేసినగాని దయ తలపనివాడు కాడు. అట్లయిన ఒకరి కొరకు మరియొకరు ప్రార్థించుట ఏల? ఎవరి కర్మఫలమును వారే అనుభవింపవలసి యుండగా, నడుమ ఇతరుని మొరకు తావెక్కడ? ఇట్టి ప్రార్థనను తెలుగు క్రైస్తవులు ‘విజ్ఞాపన’ మందురు. వారి భక్తిజీవనమున దీనికి గొప్ప స్థానము గలదు. దీనిలోని ధర్మసూక్ష్మమును విచారించుట మనకును శ్రేయోదాయకము.

ఏసు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనలో ‘నాకు’ అను మాటయే లేదు. అందలి తండ్రి అందరి తండ్రి; కోరబడు ఆహారము, క్షమాపణ అందరివి. ఏకాంతమున ప్రార్థించువాడు గూడ సర్వుల పక్షమున నిలిచియే ప్రార్థింపవలెనని దీని భావము. అంతకు ఎంతో పూర్వమే అబ్రాహాము సొదొమ నగరమును రక్షింపుమని వేడుచు, ఏబదిమంది నీతిమంతులతో ఆరంభించి పదిమంది వరకు దిగివచ్చెనని బైబిలు చెప్పుచున్నది. ప్రజలు బంగారు దూడను పూజించి అపరాధులైనప్పుడు మోషే వారిని క్షమింపుమని వేడెను. క్షమింపనిచో తన పేరును సహితము దైవగ్రంథమునుండి తుడిచివేయుమనెను. మన భాగవతమందలి రంతిదేవుడు ఇట్టివాడే గదా! తనకు మిగిలిన మంచినీటిని గూడ దప్పిగొన్నవానికి ధారపోసి, మోక్షమును కోరక, సర్వప్రాణుల దుఃఖమును తాను భరింపగోరెను. విజ్ఞాపనకు హృదయ మిచ్చటనే గలదు. ఇతరుని భారము క్రింద తన భుజము నొగ్గనివాని ప్రార్థన మాటల మూట మాత్రమే.

ఇక మొదటి ప్రశ్నకు పదమూడవ శతాబ్దపు వేదాంతి థామస్ అక్వినాస్ చెప్పిన సమాధానము గమనింపదగినది. ప్రార్థన ఈశ్వరసంకల్పమును మార్చుటకు కాదు. ప్రార్థన ద్వారా జరుగవలెనని ఆయన సంకల్పించినది జరుగుటకే. పంట ఈశ్వరానుగ్రహమని రైతు విత్తుట మానునా? ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట కర్మనియమమునకు విరుద్ధము కానట్లే, అతని కొరకు ప్రార్థించుటయు విరుద్ధము కాదు. దయయు ఈ జగత్తులో పనిచేయు కారణములలో నొకటి.

అయినను ఈ సాధనలో రెండు అపాయములు పొంచియున్నవి. ప్రార్థించితిమను తృప్తితో చేయవలసిన పనిని మరచుట మొదటిది. వస్త్రాహారములు లేనివానికి శుభవాక్యములు మాత్రము పలికి పంపివేయుట నిష్ప్రయోజనమని యాకోబు తన పత్రికలో హెచ్చరించెను. రెండవది, సూక్ష్మమైన అహంకారము: ‘నేను వెలుగులో నున్నాను, అతడు చీకటిలో నున్నాడు’ అను భావము.

ఈ రెండింటిని మన ఒంగోలు చరిత్రలోనే పరిశీలింపవచ్చును. 1854 జనవరి 1వ తేదీ ఉదయమున లైమన్ జూయెట్ అను అమెరికన్ మిషనరీయు, ఆయన భార్యయు, ముగ్గురు భారతీయ క్రైస్తవులును అచ్చటి కొండపై ప్రార్థించిరి. ఆ ప్రాంతమునకొక మిషనరీని పంపుమనియే వారి వేడుకోలు. 1866లో జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడెను. 1876–78 నాటి ఘోర కరవులో ఆయన బకింగ్‌హాము కాలువలో మూడు మైళ్లకు పైబడిన త్రవ్వకపు పనిని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. అన్నము కొరకే జనులు మతమున చేరుదురేమోయని, ఆ కాలమున బాప్తిస్మము లిచ్చుట నిలిపివేసెను. అనంతరము 1878 జూలై 3వ తేదీన ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ప్రార్థన ఇచ్చట చేతలలోనికి దిగినది, అది శ్లాఘనీయము. అయితే ఇతరుడు తన మతము విడిచి మన మతమున చేరవలెనని కోరుట సరియైన ప్రార్థనయేనా యను శంక మిగులును. 1928లో సాబర్మతి ఆశ్రమమున అంతర్జాతీయ సహోదర సమావేశములో గాంధీజీ దీనిని స్పృశించిరి. నాకిచ్చిన వెలుగునే అతనికి నిమ్మని కాక, అతని పరిపూర్ణ వికాసమునకు కావలసిన వెలుగు నిమ్మని ప్రార్థింపవలెనని వారి అభిప్రాయము. ఇంతకంటె నిర్మలమైన విజ్ఞాపన వేరొకటి యుండదు.

కాని ఈ మాటతో ఇతరులను విమర్శించి మనము తప్పించుకొనరాదు. ఆనాడు క్లౌ వద్దకు వచ్చినవారిలో అత్యధికులు మన సమాజము దూరముగ నుంచిన మాదిగలు. వారి కొరకు మన దేవాలయములలో ఎవరు మొరపెట్టిరి? వారి ఆకలి ఎవరి సంధ్యావందనములో ప్రవేశించెను? సర్వజనుల సుఖమును నిత్యము కోరు పెదవులకు, వాకిట నిలిచినవాడు ఆ సర్వజనులలో చేరకపోవుట విజ్ఞాపన కాదు, విస్మరణ.

సూరత్ నగరపు నవాగామ్ పేటలో నుండి మరమగ్గముపై పనిచేయు కుమారుని కొరకు తెలంగాణలో ఒక తల్లి దీపము వెలిగించినచో, ఆమెకు శాస్త్రచర్చ అక్కరలేదు. ప్రేమయే ఆమె ప్రార్థన. ఆ ప్రేమ కుమారుని దాటి, అతని పొరుగు మగ్గమువానిని, తుదకు అతనికి కీడు చేసినవానిని సైతము చేరినప్పుడు ప్రార్థన పూర్ణమగును. ఏసు సిలువపై తనను హింసించినవారి కొరకు వేడుకొనెను. కావున మనలో ప్రతివాడును నిత్యప్రార్థనలో తనకు ఇష్టముకాని ఒక్కని పేరైనను చేర్చుగాక. లేచిన పిదప ఆతనికి చేయదగిన మేలు చేయుగాక. సర్వాంతర్యామి యగు ప్రభువు ఆతని హృదయములోను కొలువైయున్నాడు గదా!